యాత్రికుని రాజనీతి

ఇప్పుడు మన యిండ్లలో విదేశయాత్ర వింత కాదు. మూడు తరముల క్రిందట కాశికి పోయి వచ్చినవాడు ఊరికంతకును పెద్ద. నేడు సింగపూరునకు నాలుగు దినములు పోయి వచ్చినవారు వీధికి నలుగురున్నారు. అమెరికాలో కొడుకు నొద్ద ఆఱు మాసములుండి వచ్చిన తలిదండ్రులు, దుబాయిలో అల్లుని యింట సంక్రాంతి చేసికొని వచ్చిన అత్తమామలు ప్రతి వాడలోను గలరు. ఇది సంతోషింపదగినదే. నూతిలోని కప్పకు చెఱువొకటి కలదని తెలియుట యెవరికిని నష్టము కాదు. కాని యీ యాత్రికులు పెట్టెలలో మిఠాయిలును అత్తరులును తెచ్చుటతో తృప్తి నొందక, నాలుక చివర నొక రాజనీతిని గూడ తెచ్చుచున్నారు. సుంకపుటధికారులు దాని నాపరు గనుక మేమాపదలచితిమి.

ఆ రాజనీతి యిట్టిది. "మనవాళ్లకు స్వేచ్ఛ పనికిరాదండీ. అక్కడ చూడండి, వీధిలో కాగితపు ముక్క కనబడదు. లంచమన్న మాటయే లేదు. ఎందుచేత? పైన ఒక గట్టివాడు కఱ్ఱ పట్టుకొని కూర్చున్నాడు. అట్టివాడొకడు మనకు పదేండ్లు దొరికెనా, ఈ దేశము బంగారమగును. ఈ యెన్నికలు, ఈ శాసనసభలు, ఈ కోర్టులు, అంతయు కాలహరణము!"

ఇట్లు పలుకువాడు దుష్టుడు కాడు. తఱచుగా సత్పురుషుడే. పన్ను చెల్లించువాడు, పింఛను పుచ్చుకొన్న ఉద్యోగి, మనుమలకు శతకపద్యములు నేర్పువాడు. లంచగొండి గుమాస్తా యెదుట చేతులు కట్టుకొని నిలిచి విసిగినవాడు. ఆతని విసుగు న్యాయమైనదే. దానినుండి యాతడు తీసిన ఔషధమే విషము. భోజనపు బల్ల యొద్ద ఈ మాట విన్న బాలుడు మఱునాడు మా తరగతిలో వ్యాసము వ్రాయుచున్నాడు. "ఓటు హక్కు చదువుకొన్నవారికే యుండవలెను" అని తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక సంవత్సరము పదుమూడుగురు వ్రాసిరి. ఆ వాక్యము పాఠ్యపుస్తకములో లేదు, మేము చెప్పినది కాదు. ఇండ్లనుండి వచ్చినది. అందుచేతనే యిది ఇంటింటి చదువరులతో మాటలాడవలసిన విషయమని తలచితిమి.

సింగపూరు సంగతి మొదట చూతము. మేమును ఆ నగరమును చూచితిమి. పరిశుభ్రతను గూర్చి యాత్రికులు చెప్పునది అబద్ధము కాదు. ఆంగ్లము, చీనా, మలయా భాషల సరసన అరవమును రాజభాషలలో నొకటిగా నుంచిన దేశమది. కూలి పనికి వచ్చినవారి భాషకు రాజగౌరవమిచ్చుట చిన్న సంగతి కాదు. కాని కారణమేమి? కఱ్ఱయేనా?

లీ క్వాన్ యూ 1959 మొదలు 1990 వఱకు ప్రధానమంత్రి. ఆయన చేతిలో కఱ్ఱయున్న మాట నిజము. విచారణ లేక నిర్బంధించు చట్టమును ఇంగ్లీషువారినుండి వారసత్వముగా గ్రహించి జంకు లేక వాడిన ప్రభుత్వమది. 1963 ఫిబ్రవరిలో ఒక్క పెట్టున నూఱుమందికి పైగా ప్రతిపక్షులను, కార్మిక నాయకులను నిర్బంధించిరి. చియా థై పో అను శాసనసభ్యుని 1966లో పట్టుకొని 1989 వఱకు, అనగా ఇరువదిమూడేండ్లు, ఏ కోర్టునను విచారింపక బంధించిరి. ఆయనపై మిగిలిన ఆంక్షలు తొలగుటకు 1998 వచ్చెను. ఇరువదిమూడేండ్లు! మన యాత్రికుడు తన కుమారుని బారసాల నాడు జైలుకు పోయి, ఆ కుమారుని పెండ్లికి తిరిగి వచ్చినట్లు. వీధి తుడుచుటకు ఈ మనుష్యుని బంధించుట యెట్లు తోడ్పడినదో మాకు బోధపడదు. కాగితపు ముక్కలు ఆయన పాఱవేసినవి కావు.

ఆ నగరమును నగరముగా చేసిన పనులు వేఱు. 1960లో గృహనిర్మాణ సంస్థను స్థాపించి, మురికివాడల నుండి జనులను దెచ్చి, కుళాయియు మరుగుదొడ్డియు గల యిండ్లలో బెట్టిరి. నేడు ఆ దేశవాసులలో నూటికి సుమారు ఎనుబదిమంది అట్టి ప్రభుత్వ నిర్మిత గృహములలోనే యున్నారు. ఉమ్మివేయవద్దని చెప్పుటతో ఆగక కాలువ కట్టిరి, చెత్త వేయవద్దని చెప్పుటతో ఆగక బుట్ట పెట్టిరి. లంచములను విచారించు శాఖ 1952లో, ఇంగ్లీషువారి కాలముననే, పోలీసులనుండి విడదీయబడి యేర్పడినది. ఏలయన, విచారింపదగినవారిలో పోలీసులే యుండిరి. ఆ శాఖకు మంత్రి యనిన భయము లేకుండ చేసిరి. 1986లో తే చియాంగ్ వాన్ అను మంత్రి లంచపు విచారణలో చిక్కి ప్రాణము తీసికొనెను. 2024లో ఈశ్వరన్ అను మాజీ మంత్రి నేరమొప్పుకొని పండ్రెండు మాసముల శిక్ష పొందెను. అచ్చట ఎన్నికలు కూడ కలవు, ఓటు వేయుట విధి. ఒకే పక్షము 1959 నుండి గెలుచుచు వచ్చుటలో న్యాయమెంత, బెదరింపు ఎంత అని వాదింపవచ్చును గాని, అయిదేండ్లకొకసారి ఆ పక్షమును ప్రజల వాకిటికి పోక తప్పలేదు.

ఇందులో ఏది కఱ్ఱ? ఇల్లు కట్టుట కఱ్ఱయా? కాలువ త్రవ్వుట కఱ్ఱయా? మంత్రిని విచారించుట కఱ్ఱయే, కాని అది మంత్రి వీపున పడిన కఱ్ఱ. మన యాత్రికుడు కోరునది సామాన్యుని వీపున బడు కఱ్ఱ. దండమును ఎవరి మీద, ఎంత, ఏ విచారణ తరువాత అని చెప్పునదే నీతి. మన కౌటిల్యుడే తీవ్రదండమువలన ప్రజలు ఉద్వేగమొందుదురనియు, మృదుదండుడు పరిభవింపబడుననియు, తగిన దండము గలవాడే పూజింపబడుననియు వ్రాసియుండగా, మన పెద్దలు మొదటి ముక్కను విడిచి రెండవ ముక్కను మాత్రము పట్టుకొనిరి. ఆ మహానుభావుడే రాజధనమును ఉద్యోగులు హరించు మార్గములను నలువది లెక్క పెట్టెను. చదువరులు గమనింతురు గాక, అది ఎన్నికలు లేని కాలము, పైన చక్రవర్తి కఱ్ఱ పట్టుకొని కూర్చున్న కాలము.

సరే, కఱ్ఱయే మందని యొప్పుకొందము. ఆ మందునే త్రాగిన మఱియొక రోగిని చూడవలయును గదా! బర్మా దేశము మనకు కొత్త కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలముల వారు ఓడలెక్కి రంగూనునకు పోయి, రేవులో మూటలు మోసి, వడ్ల మిల్లులలో పనిచేసి బ్రతికిరి. కోరంగి రేవు పేరిట మనవారిని అక్కడ కోరంగీలనిరి. 1930లో రేవు కూలీల సమ్మె నాటి అల్లరులలో మనవారి రక్తము ఆ వీధులలో పాఱినది. 1942లో జపానువారు వచ్చినప్పుడు అడవులలో బడి నడచి వచ్చినవారి కథలు ఉత్తరాంధ్రమున పెక్కు కుటుంబములలో నిప్పటికిని జెప్పుకొందురు. రెండవ యుద్ధమునకు పూర్వము ప్రపంచమున బియ్యము ఎగుమతి చేయు దేశములలో బర్మాయే మొదటిది. ఆ దేశమునకు 1962 మార్చిలో ఒక గట్టివాడు దొరకెను.

ఆయన పేరు నే విన్. సేనాపతి. శాసనసభను రద్దు చేసెను, రాజ్యాంగమును పక్కన బెట్టెను, పత్రికలను మూయించెను. అడ్డు చెప్పువాడు లేడు, కాలహరణము లేదు. మన యాత్రికుడు కోరిన పదేండ్లు కాదు, ఇరువదియాఱేండ్లు దొరికినవి. ఏమి చేసెను? అంగళ్లను ప్రభుత్వపరము చేసి లక్షలకొలది భారతీయులను కట్టుబట్టలతో ఓడలెక్కించెను. 1964లో పెద్ద నోట్లను చెల్లవనెను. 1987 సెప్టెంబరులో మఱల ఇరువదియైదు, ముప్పదియైదు, డెబ్బదియైదు చాట్ల నోట్లను చెల్లవని, మారుగా నొక్క దమ్మిడీ ఇయ్యక, తొమ్మిదింటి చేత భాగింపబడు నలువదియైదు, తొంబది చాట్ల నోట్లను అచ్చు వేయించెను. తొమ్మిది ఆయనకు అచ్చివచ్చిన సంఖ్య! కూలివాని పెట్టెలోని కూడబెట్టిన సొమ్ము ఒక ప్రభువుగారి సంఖ్యాశాస్త్రమునకు ఆహుతియైనది. ఆ సంవత్సరపు చివరననే ఐక్యరాజ్యసమితి ఆ దేశమును లోకమున మిక్కిలి వెనుకబడిన దేశముల పట్టికలో జేర్చెను. ధాన్యాగారము భిక్షాపాత్రమైనది.

అదే ఖండము, అవే దశాబ్దములు, ఇంగ్లీషువారు విడిచిపోయిన రేవు పట్టణములే రెండును. కఱ్ఱ రెండు చోట్ల నున్నది. ఒక చోట సంపద కలిగినది, వేఱొక చోట నాశనము కలిగినది. తర్కము చదివినవాడెవడైనను, రెండు చోట్ల నున్న వస్తువు ఒక చోటనే కనబడు ఫలమునకు కారణము కాజాలదని చెప్పును. అన్వయవ్యతిరేకములను మన పూర్వులు ఇందుకే నేర్పిరి. రంగూనునకు విహారయాత్ర పోయినవారు మన వీధిలో లేకపోవుట చేతనే యీ సిద్ధాంతము ఇంతకాలము బ్రతికినది.

ఇంకొక మాట. యాత్రికుడు చూచినది చూచినట్లు చెప్పును, నిజమే. కాని యేమి చూచెను? 1931లో బెర్నార్డు షా మాస్కో నగరమునకు పోయి డెబ్బదియైదవ జన్మదినమును అక్కడనే జరుపుకొని, ఆ ప్రభుత్వమును వేనోళ్ల పొగడి వచ్చెను. ఆ పిమ్మట రెండేండ్లలో ఉక్రెయిను గ్రామములలో లక్షలకొలది జనులు ఆకలిచే చచ్చుచుండగా, కఱవను మాట కల్పనయని వ్రాసిన యుత్తరముపై చేవ్రాలు చేసెను. ఆయన మూఢుడా? తన కాలమున ఇంగ్లండులో అంత నిశితబుద్ధి మఱొకటి లేదు. ఫ్రాన్సు దేశపు మాజీ ప్రధాని ఎరియో 1933లో ఉక్రెయినునకే పోయి, ప్రభుత్వము వారు చూపిన తోటలు చూచి, కఱవెక్కడ అనెను. ఆ సంవత్సరముననే గారెత్ జోన్సు అను వేల్సు దేశపు యువకుడు రైలు దిగి గ్రామములగుండ నడచి పోయెను. రైతుల యిండ్లలో పడుకొనెను. రొట్టె లేదు, చచ్చిపోవుచున్నాము అని వారు చెప్పగా విని వచ్చి వ్రాసెను. పెద్ద పెద్ద పత్రికల విలేఖరులే ఆయన మాట అబద్ధమనిరి. షాకును జోన్సుకును తెలివిలో తేడా కాదు, ఒకడు భోజనశాలలో చూచెను, ఒకడు పొలము గట్టున చూచెను.

చీనా దేశమునను ఇదే జరిగినది. 1959 మొదలు 1961 వఱకు ఆ దేశమున కోట్లకొలది జనులు కఱవుచే నశించిరి. 1960లో ఆ దేశమెల్ల దిరిగిన ఎడ్గార్ స్నో అను అమెరికా రచయితకు కఱవు కనబడలేదు. ఆయనకే కాదు, పై నున్న ప్రభువునకును సరిగా కనబడలేదు. పంట ఇంత పండినదని క్రింది యుద్యోగి భయముచే హెచ్చుగా వ్రాయును, వాని పైవాడు మఱికొంత హెచ్చించును. ఆ లెక్క చొప్పున ధాన్యమును లాగికొని పోవుదురు, పండించినవాడు ఆకు తినును. 1959 వేసవిలో రక్షణమంత్రి పెంగ్ దెహువాయి యీ సంగతి మావోకు ఉత్తరము వ్రాసి పదవి పోగొట్టుకొనెను. మంత్రి గతియే అట్లైనప్పుడు మునసబు నోరు విప్పునా? నోరు గల ప్రతిపక్షమును, స్వేచ్ఛ గల పత్రికలును ఉన్న ప్రజారాజ్యమున పెద్ద కఱవు వచ్చియుండలేదని అమర్త్య సేనుగారు చెప్పినది ఈ కారణము చేతనే. కఱ్ఱ పట్టుకొన్నవాని మొదటి దౌర్భాగ్యము వార్త తెలియకపోవుట.

ఇట్లనుటవలన యాత్రికులందఱును గ్రుడ్డివారని మా యభిప్రాయము కాదు. 1930లో రష్యాకు పోయిన రవీంద్రుడు అచ్చటి రైతుబిడ్డల చదువును మనసార మెచ్చుకొనెను. మెచ్చుకొని యూరకుండక, ద్వేషమును బోధించుట, భిన్నాభిప్రాయమును అణచుట తగదని అచ్చటి పత్రిక వారి మొగముననే చెప్పి వచ్చెను. ఆ సంభాషణమును ఆ పత్రిక 1988 వఱకు ప్రకటింపలేదు! ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ భక్తుడై పోయి, 1936లో కన్నులు తెఱచుకొని వచ్చి, స్నేహితులెల్ల తిట్టుచుండగా నిజము వ్రాసెను. మనలో ఏనుగుల వీరాస్వామయ్యగారు లేరా? 1830, 31 సంవత్సరములలో చెన్నపట్టణము నుండి కాశికి పోయి వచ్చిన ఆ పుణ్యపురుషుడు దేవుని చూచుటకు పోయినను, దారిలో ఏ ఊర నీళ్లెట్లున్నవి, ఏ బాట యెట్లున్నది, ఏ సరకు దొరకును, ఏ దొరతనమున జనులెట్లున్నారు అని దినదినము వ్రాసికొనెను. ఆ కన్ను నేడు విమానములో పోవువారికేల లేకపోయెను? వేగము హెచ్చినకొలది చూపు తగ్గినదా?

నేటి యాత్రికునికి ప్రభుత్వము వారు మార్గదర్శిని తోడుగా పంపనక్కఱ లేదు. వసతిగృహము, అంగడి, కొడుకు కాపురమున్న మేడ, ఈ మూటి నడుమ చల్లని గాలి యంత్రము గల బండి. ఇంతకంటె గట్టి తెఱ యేమి కావలయును?

దుబాయి గోపురమును పొగడువారితో మాకు వాదించుటకే సిగ్గగుచున్నది. ఏలయన ఆ గోపురము క్రింద నున్నది మనవారే. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని తెలంగాణమున నొక నానుడి కలదు. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి మగవారు, కడప, గోదావరి ప్రాంతములనుండి ఇంటిపనికి ఆడవారు ఆ యెడారి దేశములకు పోవుచున్నారు. ఆ దేశపు జనులలో పదింట సుమారు తొమ్మిది పాళ్లు విదేశీయులే. కార్మిక సంఘము పెట్టుకొను హక్కు లేదు. ఉండుటకు అనుమతి యజమాని పేరుతో ముడిపడి యుండును. పాసుపోర్టును యజమాని యుంచుకొనరాదని చట్టమున్నను, ఉంచుకొన్న కథలు మా విద్యార్థుల తండ్రులే చెప్పుదురు. పొరుగున కతారు దేశమున యజమాని యనుమతి లేక పని మారు హక్కు 2020లో గాని రాలేదు. అల్లుని మేడ మీదనుండి చూచినవానికి ఇది క్రమశిక్షణ. ఆ మేడకు సున్నము పూసినవానికి దానిపేరు వేఱు. ఒకే దేశమును ఒకే వీధి నుండి బయలుదేఱిన ఇద్దఱు తెలుగువారు చూచిరి. కాని ఒకని మాటయే మన భోజనపు బల్లల యొద్దకు వచ్చుచున్నది.

"అది పరదేశము. మన దేశమున ఒక మంచివాడు కఱ్ఱ పట్టిన నట్లుండదు" అందురా? పట్టి చూచితిమి గదా! 1975 జూన్ 25 మొదలు 1977 మార్చి 21 వఱకు ఇరువదియొక్క మాసములు పట్టి చూచితిమి. రైళ్లు వేళకు నడచినవని నేటికిని జెప్పువారున్నారు. నడచియుండవచ్చును. నడవని నాడు ఆ మాట అచ్చు వేయుటకు పత్రికకు అనుమతి లేదు. 1976, 77 నడుమ నొక్క సంవత్సరమున ఎనుబది లక్షలకు పైగా సంతాన నిరోధ శస్త్రచికిత్సలు చేసిరి. బడిపంతుళ్లకు ఇంతమందిని తేవలయునని లెక్క నియమించి, తేనివానికి జీతమాపిన ప్రాంతములు కలవు. మా వృత్తివారే మనుష్యులను పట్టుకొని పోయి బల్ల మీద నెక్కించిరి! ఇది వ్రాయుటకు మా చేయి యాడకున్నది. ఆ పిమ్మట జరిగిన యెన్నికలలో ఉత్తర దేశమున చదువు రాని కూలివాడు, ముసుగు వేసికొన్న ముసలమ్మ, ఆ ప్రభుత్వమును కూలద్రోసిరి. ఆంధ్రదేశము మాత్రము 42 స్థానములలో 41 ఆ పక్షమునకే యిచ్చెను. ఆ బాధ మన గడపకు అంతగా రాలేదనుట నిజమే. రాని బాధను తెలిసికొనుటకే గదా చదువు? చదువు లేనివాడు దేశమును కాపాడినప్పుడు, చదువుకొన్న మనము ఏమి చేసితిమో మన పెద్దలు గుర్తు తెచ్చుకొందురు గాక.

ఇచ్చట ఓటు చదువుకొన్నవారికే అను మా బాలుర వ్యాసమునకు ప్రత్యుత్తరము చెప్పవలయును. 1951 జనాభా లెక్కలలో మన దేశపు స్త్రీలలో చదువు వచ్చినవారు నూటికి తొమ్మండుగురైనను లేరు. ఆ బాలుని సిద్ధాంతమే అప్పుడు రాజ్యాంగమైనచో, వాని ముత్తవతో కూడ నూటికి తొంబదిమందికి పైగా స్త్రీలు వెలియగుదురు. రాజ్యాంగము అట్లు చేయలేదు. అయినను, తొలి యెన్నికల పట్టికలో పేరు చెప్పుటకు సిగ్గుపడి "ఫలానివాని భార్య", "ఫలానివాని తల్లి" అని వ్రాయించుకొన్న స్త్రీల పేళ్లు సుమారు ఇరువదియెనిమిది లక్షలు కొట్టివేయవలసి వచ్చినది. తమ పేరు తాము చెప్పుకొనిన నాడే తాము పౌరులమని ఆ స్త్రీలకు ఎన్నికల అధికారి చెప్పెను. మన సంఘసంస్కర్తలు నూఱేండ్లు బోధించినదానికంటె ఆ యొక్క పట్టిక యెక్కువ బోధించినదేమో. సింగారముగా నుండు స్విట్జర్లాండు సంగతి యేమి? మంచుకొండలు చూచి వచ్చినవారెవరును చెప్పరు గాని, ఆ విద్యావంతుల దేశమున పురుషులు 1959లో ఓట్లు వేసి స్త్రీలకు ఓటు వద్దనిరి. 1971లో గాని ఇయ్యలేదు. ఒక్క చిన్న మండలమున కోర్టు వారు బలవంతపెట్టగా 1990లో వచ్చినది. చదువునకును న్యాయబుద్ధికిని నిత్యసంబంధము లేదు.

ఓటు ఒక్కటే సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. లంకలో ప్రజలెన్నుకొన్న సభయే 1948, 49 సంవత్సరములలో తేయాకు తోటల తమిళ కూలీలను పౌరులు కారని త్రోసివేసెను. 1956లో సింహళమొక్కటియే రాజభాష యనెను. దాని ఫలము 1983 నుండి 2009 వఱకు నిప్పు. కఱ్ఱ ఒకని చేతిలోనున్న నేమి, ఎక్కువమంది చేతిలోనున్న నేమి, దాని నాపు చట్టము లేనప్పుడు తగులువాని కొకటే.

కఱ్ఱ రుచి నిజముగా నెఱిగినవారెవరనిన, కొరియావారు. మన యాత్రికులకు ప్రియమైన ఉదాహరణమే యిది. పాక్ చుంగ్ హీ సేనాపతి 1961లో రాజ్యము పట్టి, 1979లో తన గూఢచారుల అధిపతి చేతిలోనే చచ్చు వఱకు ఏలెను. కర్మాగారములు, ఓడలు, రహదారులు వచ్చినవి. ఇది కాదనము. ఆయన పిమ్మట వచ్చిన సేనాపతి 1980 మే నెలలో గ్వాంగ్జూ నగరమున విద్యార్థులను తుపాకులతో కాల్పించెను. ఆ కర్మాగారములలో పనిచేసినవారే, ఆ రహదారులపై నడచినవారే, 1987 జూన్ నెలలో లక్షలుగా వీధులలోకి వచ్చి అధ్యక్షుని తామే యెన్నుకొను హక్కును సంపాదించిరి. అటు పిమ్మట దేశము బీదదైనదా? కాలేదు. ఇంకను ధనవంతమైనది. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ దేశమును కాపాడెదనని చెప్పి సైనిక శాసనము ప్రకటించెను. సైనికులు శాసనసభకు వచ్చిరి. జనులు చలిలో ఇండ్లనుండి పరుగెత్తి వచ్చి వారి కడ్డు నిలిచిరి. సభ్యులు గోడలు దూకి లోపలికి పోయిరి. సభాధ్యక్షుడు అఱువదియేడేండ్లవాడు, ఆయనయు గోడ దూకెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట 190 మంది సభ్యులు, ఒక్కరును వ్యతిరేకింపక, శాసనమును రద్దు చేసిరి. తెల్లవాఱక మునుపే అది తొలగెను. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానము ఆ యధ్యక్షుని పదవినుండి తొలగించెను. గట్టివాడు కావలయునని మనవారు ఎవరిని జూచి కోరుచున్నారో, వారే గట్టివాడు వచ్చిన రాత్రి గోడలు దూకిరి.

"అయితే యాత్రలు మానుమందురా?" అని యొక మిత్రుడు ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివి మమ్మడిగినాడు. మానవద్దు, ఒక్కొక్క దినము హెచ్చుగా నుండి రండు. సింగపూరులో తోట చూచిన పిమ్మట ఒక ప్రభుత్వ గృహసముదాయపు క్రింది అంతస్తులో గంటసేపు కూర్చుండి, ఇంటి వాయిదా యెంత, వృద్ధులు ఏ పని చేయుచున్నారు అని యడుగుడు. కొలంబోనుండి రైలెక్కి యాళ్పాణమునకు పోయి, 1981లో కాల్చివేయబడి మఱల కట్టబడిన గ్రంథాలయమును చూడుడు. సియోలునకు పోయినవారు గ్వాంగ్జూలో ఆ విద్యార్థులను పూడ్చిన చోటు చూడుడు. దుబాయిలో అల్లునికి సెలవున్న నాడు, గోపురము నొకసారి తప్పించి, కూలీలు కాపురముండు సోనాపూరు పేటకు తీసికొని పొమ్మనుడు. అక్కడ తెలుగు మాట వినబడును. అల్లుడు రానన్నచో బస్సు కలదు.